బీరపీచు: పేరులో ఏమున్నది, పీచులో ఏమున్నది

తెలుగువారికి బీరకాయ యనిన ఇష్టమే గాని, బీరపీచు అనిన చిన్నచూపు. దూరపు బంధువును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు "అది బీరకాయపీచు చుట్టరికములే" యని నవ్వుదురు. పేరునకు తగిన గుణము లేని మనిషిని చూచి "నేతిబీరలో నేయి ఎంతో ఇతనిలో ఆ గుణమంతే" యందురు. ఒక మాట పీచును ఎగతాళి చేసినది. రెండవ మాట పేరును ఎగతాళి చేసినది. ఆ పీచు నిజముగా ఎట్టిది, ఆ పేరు వెనుక ఉన్న కథ యేది యని విచారించుటకే ఈ వ్యాసము ఉద్దేశింపబడినది.

ఈ విచారణ వట్టి కాలక్షేపము కొరకు గాదు. పరకాల నుండి భూపాలపల్లికి పోవు మార్గమున నున్న రేగొండనే తీసికొందము. పత్తి, వరి, మిరప పండించు ప్రాంతము. వానాకాలము వచ్చిన పిమ్మట దడులమీద, పందిళ్లమీద బీర, సొర, గుమ్మడి తీగలు ప్రాకుట ఇచ్చటి పల్లెలకు క్రొత్త గాదు. అయినను నేడు ఏ గ్రామమున కిరాణా దుకాణము ముందు నిలిచి చూచినను పాత్రలు తోముటకు ప్లాస్టిక్ పీచులు, ఇనుప తీగ పీచులు దండలు గ్రుచ్చి వ్రేలాడుచుండును. ఒంటికి రుద్దుకొను రంగురంగుల నైలాను బంతులును వానితోబాటు కనబడును. ఎన్నడో ఒకప్పుడు ఇంటి పెరటి నుండి ఉచితముగా వచ్చిన వస్తువునకు బదులుగా, కొంతకాలమునకే పనికిరాక మురికికాలువ పాలగు వస్తువును మనము పైకమిచ్చి కొనుచున్నాము. పెరటిలోని కాయ ముదిరి, ఎండి, ఎవరికిని అక్కరలేక రాలిపోవుచున్నది.

రెండు బీరలు

మన పెరళ్లలో పెరుగు బీరలు ముఖ్యముగా రెండు. మొదటిది నిలువునా పదును దేలిన కణుపులు గల మామూలు బీర. రెండవది కణుపులు లేక నున్నగా, గుండ్రముగా నుండు నేతిబీర. సొర, దోస, గుమ్మడి, కాకర, పొట్ల, దొండ, పుచ్చ వీనితో గూడ ఒకే కుటుంబమునకు చెందినవి. బీరకాయపీచు చుట్టరికమని నవ్వుకొను మనకు, బీరకు ఇంతటి దగ్గరి బలగము కలదని తెలిసియుండుట మంచిది.

ఈ రెండింటిని గుర్తించుటకు కాయ వచ్చువరకు ఆగనక్కరలేదు. పూవు విచ్చు వేళను గమనించిన చాలును. మామూలు బీరపూవు సాయంకాలము, దీపములు పెట్టు వేళకు విచ్చును. నేతిబీరపూవు తెల్లవారుజామున విచ్చును. గింజలలోను భేదము కలదు. మామూలు బీరగింజ నల్లగా, గరుకుగా, గుంటలు పడి యుండును. నేతిబీరగింజ నున్నగా నుండి, అంచు చుట్టును పలుచని రెక్కవంటి గీత గలిగి యుండును. విత్తనము దాచుకొను గృహిణులు ఈ గుర్తును జ్ఞాపకముంచుకొనవలెను.

కూరకు రెండును పనికివచ్చును. బీరకాయ పప్పు, బీరపొట్టు పచ్చడి తెలియని తెలుగిల్లు ఉండదు. నేతిబీర లేతగా నున్నపుడు వండిన కూర వెన్నవలె కరగును. పీచునకు మాత్రము నేతిబీరయే మేలైనది. మామూలు బీరకును పీచు కలదు గాని అది కొంత మోటు. నేతిబీర పీచు ఒత్తుగా, సమముగా అల్లుకొని యుండును.

పీచు ఎట్లు పుట్టును

బీరపీచును మొదటిసారి చూచిన పట్టణవాసులు కొందరు అది సముద్రమున దొరకు వస్తువని తలంతురు. సముద్రపు స్పంజి యనునది నీటి అడుగున నుండు ప్రాణియొక్క ఎముకలగూడు వంటిది. బీరపీచు శుద్ధముగా కాయలోని భాగము. దాని పుట్టుక ఇట్టిది.

తీగ నుండి కాయకు నీటిని, ఆహారమును తెచ్చుటకు సన్నని నాళములు కాయ యంతట వ్యాపించి యుండును. మన శరీరములో రక్తనాళములు ఎట్టివో కాయలో ఇవి అట్టివి. కాయ లేతగా నున్నపుడు ఈ నాళములు మెత్తగా నుండి కూరలో కలిసిపోవును. కాయ ముదిరినకొలది వానిలో సెల్యులోజు, లిగ్నిన్ అను పదార్థములు పేరుకొని నాళములు గట్టిపడును. లిగ్నిన్ యనగా చెట్టుమాను గట్టిదనమునకు కారణమైన పదార్థము. చివరకు కాయలోని కండ ఎండి, చివికి రాలిపోగా, ఒకదానితో నొకటి అల్లుకొన్న నాళముల వల మాత్రము మిగులును. అదియే పీచు. ఎండిన పీచులో సగమునకు పైగా సెల్యులోజే. పత్తినూలును ముఖ్యముగా సెల్యులోజే. కావున పత్తి రైతునకు బీరపీచు పరాయిది గాదు.

ఈ వలలో విశేషమొకటి కలదు. బయటిపొర నారలు ఎక్కువగా అడ్డముగా చుట్టుకొని యుండును, లోపలివి నిలువుగా సాగును. నడుమ గింజలుండు గొట్టములు ఖాళీగా నుండును. ఇట్టి కట్టడము వలన పీచు తేలికగా నుండియు నలుపుటకు తట్టుకొనును, పిండిన పిదప మరల తన రూపమునకు వచ్చును. ప్రతి నారయు లోపల సన్నని గొట్టమే గనుక నీటిని త్వరగా పీల్చును, గాలి తగిలినంతనే త్వరగా వదలును. ఏ పోగు ఎచ్చటినుండి బయలుదేరి ఎచ్చట ముగియునో కనిపెట్టుట అసాధ్యము. దూరపు చుట్టరికమునకు ఆ పేరు పెట్టిన మన పూర్వులు పీచును శ్రద్ధగా చూచినవారే యని ఒప్పుకొనక తప్పదు.

పేరు చేసిన ప్రయాణము

తెలుగు బీర, తమిళములో పీర్కు, కన్నడములో హీరె. ఈ మూడును ఒకే మూలము నుండి వచ్చిన అన్నదమ్ముల వంటి మాటలు. పూర్వపు పకారము కన్నడమున హకారముగా మారుట తరచు కనబడునట్టిదే. కన్నడిగులు నేతిబీరను తుప్పద హీరె యందురు. తుప్ప యనగా నేయి. హిందీవారి ఘియా తోరీ యను పేరులోను నేయియే వినబడుచున్నది. కావున నేతిబీరలో నేయిని చూచినది మనమొక్కరమే గాదు. ఆ నేయి వాసనలో లేదు, నునుపులో ఉన్నదని మేము అనుకొనుచున్నాము.

సంస్కృతమున బీరకు కోశాతకి యని పేరు. చరకసంహిత కల్పస్థానములో ధామార్గవము, కృతవేధనము అను పేర్లతో వమనమునకు వాడు ద్రవ్యములు చెప్పబడినవి. వానిని వైద్యులు బీరజాతికి చెందిన చేదుకాయలుగా గుర్తింతురు. ఇంత పూర్వమే మన దేశమున ఈ జాతి గుణము తెలిసియుండినది.

ఇక లూఫా యను పేరు సంగతి. అరబ్బీ భాషలో ఈ కాయకును దాని పీచునకును లూఫ్ అని పేరు. ఈజిప్టు దేశమున ఈ పాదును పెంచి, పీచుతో ఒళ్లు రుద్దుకొనుచుండిరి. 17వ శతాబ్దిలో ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు దీనిని అచ్చట చూచి, ఆ అరబ్బీ మాటనే తమ గ్రంథములలో వ్రాసికొనిరి. 1754లో ఫిలిప్ మిల్లర్ అను ఆంగ్లేయుడు ఈ జాతికంతకు లూఫా యను పేరును స్థిరపరచెను. 1768లో ఆయనయే నేతిబీరకు లూఫా ఈజిప్షియాకా, అనగా ఈజిప్టు బీర యని నామకరణము చేసెను. కాని ఈ జాతికి పుట్టినిల్లు ఆసియా ఖండమేయని, అందును భారతదేశము దానికి ముఖ్య స్థానమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నేతిబీరలో నేయి ఎంతో, ఈజిప్టు బీరలో ఈజిప్టు అంతే యన్నమాట!

మన తెలుగునేలకు ఈ నామకరణములో పాలు లేకపోలేదు. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781 నుండి 1793 వరకు గోదావరి ప్రాంతమున సామర్లకోటలో నుండి, అచ్చటి తోటలో మొక్కలను పెంచి పరిశీలించెను. తాను చూచిన మొక్కలకు తెలుగు పేర్లనుగూడ అడిగి వ్రాసికొనుట ఆయన అలవాటు. తరువాత కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెళ్లెను. కణుపుల బీరకు నేడు ప్రపంచమంతయు వాడు లూఫా అక్యుటాంగులా యను శాస్త్రీయ నామము 1814లో ఆయన ఇచ్చినదే. దాని అర్థము పదునైన కోణములు గలది యని. దడులలో పెరుగు చేదుబీరకు ఆయన లూఫా అమారా యని పేరు పెట్టెను. అమారా యనగా లాటిను భాషలో చేదు. మన పల్లెవాడు పిలుచు పేరునకును ఆ పండితుని పేరునకును అర్థము ఒక్కటే.

చైనావారు ఈ కాయను పట్టుకాయ యను అర్థము వచ్చునట్లు పిలుతురు. జపానువారు పూర్వము నూలుకాయ యనెడివారు. వారు పీచును చూచి పేరు పెట్టిరి, మనము నునుపును చూచి పెట్టితిమి. అందుచేతనే గాబోలు వారు పీచును అమ్ముకొనిరి, మనము పారవైచితిమి.

ఇంటిలో, ఓడలో, గోడలో

19వ శతాబ్ది చివరి భాగము నుండి జపానులో పీచు కొరకై బీరను విస్తారముగా పండించి విదేశములకు ఎగుమతి చేసిరి. స్నానమునకు మాత్రమే ఇంత పీచు ఎందులకని సందేహము కలుగవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు అమెరికా దిగుమతి చేసికొన్న బీరపీచులో ఎక్కువ భాగము యంత్రములకే పోయినది. ఆవిరి ఓడల బాయిలర్లకు పోవు నీటిలో నూనె కలిసిన ప్రమాదము. ఆ నూనెను పట్టి ఉంచి, నీటిని సాగనిచ్చు వడపోతగా బీరపీచును వాడుచుండిరి. చెప్పుల లోపలి అట్టలు, చాపలు, సైనికుల ఇనుప టోపీల లోపలి మెత్తలు మున్నగు వానికిని అది ఉపయోగపడినది. యుద్ధము వచ్చి జపాను సరుకు ఆగిపోగా, అమెరికావారు ఇతర దేశములలో బీరపాదులు వెదకుకొనవలసి వచ్చినది. మన సామెతలలో ఎగతాళికి గురియైన పీచు కొరకు ఒక మహారాజ్యము వెదకులాడినదనుట మనము గుర్తుంచుకొనదగిన విషయము.

ఇటీవలి కాలములో దక్షిణ అమెరికా ఖండమందలి పరాగ్వే దేశమున ఎల్సా జాల్దీవార్ అను మహిళ గ్రామీణ స్త్రీలచేత బీర పండించి, మొదట స్నానపు పీచులు, చాపలు చేయించి అమ్మించెను. అమ్మకమునకు పనికిరాని వంకర పీచులు చాల మిగిలిపోవుట చూచి, వానిని వాడి పారవైచిన ప్లాస్టిక్‌తో కలిపి గోడలకు, కప్పులకు పలకలు చేయు విధానమును ఒక ఇంజనీరు సాయముతో రూపొందించెను. ఈ కృషికి 2008లో ఆమెకు రోలెక్స్ పురస్కారము లభించినది. మంచి పీచు అమ్ముడు పోవును, చెడు పీచును వ్యర్థము గాదు అనునది ఆమె చూపిన పాఠము.

మన యిండ్లలో దీని ఉపయోగము ఇంకను సులభము. కోనసీమ యందువలె కొబ్బరితోటలు లేని మన ప్రాంతమున పాత్రలు తోముటకు బీరపీచు చక్కని సాధనము. బూడిదతోగాని సబ్బుతోగాని తోమవచ్చును. ఇనుప తీగ పీచువలె గీతలు పెట్టదు గనుక అల్యూమినియము, స్టీలు పాత్రలకును, పూత పూసిన పెనములకును వాడవచ్చును. సున్నిపిండితో ఒళ్లు రుద్దుకొనుటకు, కాళ్ల మడమలు తోముకొనుటకు, పశువుల మేను రుద్దుటకు, నీళ్ల తొట్లు కడుగుటకు పనికివచ్చును. అరిగిపోయిన పీచును పెంటకుప్పలో వేసినచో కొన్ని మాసములకు మట్టిలో కలిసిపోవును. ప్లాస్టిక్ పీచు అట్లు గాదు. అది అరుగునపుడు కంటికి కనబడని తునకలు నీటిలో కలియును, అరిగిన తరువాతను అట్లే పడియుండును. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవైచు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను కేంద్ర ప్రభుత్వము నిషేధించినది గాని, పాత్రలు తోము పీచు ఆ జాబితాలో లేదు. అది మనమే మానుకొనవలసినది.

పాదు పెట్టు విధానము

పీచు కొరకు పెంచు కాయ తీగమీద సుమారు ఐదు మాసములు సాగును. కావున వానాకాలపు అదునే మేలు. మృగశిర కార్తె మొదలు జూలై చివరి వరకు విత్తుకొనవచ్చును. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గుంత త్రవ్వి, బాగుగా చివికిన పశువుల ఎరువును మట్టితో కలిపి నింపవలెను. గుంతకును గుంతకును సుమారు రెండు మీటర్ల ఎడముండవలెను. గింజలను ఒక రాత్రి నీటిలో నానవైచి, గుంతకు మూడు నాలుగు చొప్పున నాటి, మొలచిన పిదప బలమైన రెండు మొక్కలనుంచి తక్కినవి తీసివేయవలెను.

నేతిబీరలో పూసా చిక్నీ, పూసా స్నేహ యను రకములు కలవు. కూరకు పెంచు కణుపుల బీరలో మన జగిత్యాల పేరు మోయుచున్న జగిత్యాల లాంగ్ ప్రసిద్ధము. అయినను మీ గ్రామమున ఏ వృద్ధురాలి ఇంటనో పాత నేతిబీర విత్తనము గుడ్డమూటలో దాగియున్నచో, దానిని ముందుగా విత్తుడని మా మనవి. ఆ విత్తనము మీ నేలకు, మీ వానకు అలవాటు పడినది. అది ఒకసారి పోయిన మరల రాదు.

మొక్క రెండు మొదలు నాలుగు ఆకులు తొడిగినపుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి చల్లినచో ఆడపూలు ఎక్కువగా వచ్చును. పాదుజాతి కూరగాయలమీద గంధకము చల్లరాదు, ఆకులు మాడిపోవును. తీగ పందిరిమీదనో దడిమీదనో ప్రాకవలెను. నేలమీద ప్రాకిన కాయ వంకరదిరుగును, క్రిందిభాగము కుళ్లును. పందిరి నుండి వ్రేలాడు కాయ తిన్నగా సాగును, పీచును తిన్నగా వచ్చును. పత్తి ఏరిన పిదప మిగులు కట్టెను చేనిలోనే కాల్చివేయుటకంటె దడికట్టుటకు దాచుకొనుట మంచిది.

పండు ఈగ ఈ పంటకు గట్టి శత్రువు. అది లేతపిందె తొక్కలో గుడ్లు పెట్టును. పురుగు పట్టిన కాయలను ఏరి లోతుగా పూడ్చవలెను. పీచునకై ఉంచు కాయకు లేతనాడే కాగితపు సంచిగాని పాతగుడ్డగాని తొడిగినచో ఈగ చేరదు. ఇతర సందేహములకు మీ మండల వ్యవసాయాధికారినిగాని, మహబూబాబాద్ వద్ద మల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రమునుగాని సంప్రదింపవచ్చును.

ఒక్క సంగతి మరువరాదు. పాదున కాయలు ముదిరినకొలది తీగ క్రొత్త పిందెలు వేయుట తగ్గించును. కావున మొదటి కాయలను లేతగా కోసి కూరకు వాడుకొని, నడుమ వచ్చు తిన్నని, పొడవైన కాయలను పాదునకు నాలుగైదు చొప్పున పీచునకు వదలుట తెలివైన పద్ధతి.

పీచు తీయుట

కాయ పచ్చదనము పోయి గోధుమరంగునకు తిరిగి, చేతికి తేలికగా తోచి, ఊపినపుడు గింజలు గలగలమన్నచో అది సిద్ధమైనదని తెలియవలెను. కొంత పసుపు తిరుగుచుండగా కోసిన పీచు మెత్తగా నుండి స్నానమునకు తగును. పూర్తిగా ఎండిన కాయ పీచు గట్టిగా నుండి పాత్రలకు తగును.

కాయ కొసన చిన్న మూతవంటి భాగముండును. దానిని విరిచి, కాయను తలక్రిందులు చేసి కొట్టినచో గింజలు రాలును. అవి వచ్చే ఏటి విత్తనము. నిండుగా నున్న గింజలను నీడన ఆరవైచి దాచుకొనుడు. తరువాత కాయను ఒక పగలు, ఒక రాత్రి నీటిలో నానవైచినచో తొక్క ఊడి వచ్చును. రానిచో మరియొక దినము ఉంచవలెను. నీరు వాసన పట్టకుండ మార్చుచుండవలెను. తొక్క తీసి, జిగురు పోవువరకు శుభ్రమైన నీటిలో పిసికి కడిగి, ఎండలో వ్రేలాడదీసిన రెండు మూడు దినములలో పీచు ఆరును. మచ్చలు పోయి తెల్లబడవలెనన్నచో కొంచెము బ్లీచింగు పొడి కలిపిన నీటిలో కొద్దిసేపు ముంచి, పిదప మంచినీట బాగుగా కడుగవలెను. ఎక్కువసేపు ఉంచిన నార బలహీనపడును. ఆరిన పీచును పొడవు ననుసరించి రెండు మూడు ముక్కలుగా కోసికొనవచ్చును.

పాటింపవలసిన జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త చేదు. బీర, సొర, దోస వంటి కాయలలో కుకుర్బిటాసిన్ అను చేదు విషపదార్థము ఒక్కొక్కప్పుడు చేరును. వండబోవు ముందు చిన్న ముక్క కొసను నాలుకకు తాకించి చూచి, చేదుగా నున్నచో ఉమ్మివేసి, ఆ కాయను పారవేయవలెను. ఉప్పు, కారము వేసి చేదును కప్పి తినుట ప్రమాదకరము. వాంతులు, విరేచనములు కలుగును. అడవిలోను దడులలోను తానై మొలచు చేదుబీర కణుపుల బీరకు సొంత జాతియే. దాని పుప్పొడి సోకినచో మన విత్తనము చెడును. విత్తనమునకు ఉంచు పాదు సమీపమున చేదుబీరను ఉండనీయరాదు. చేదుకాయ పీచు తీసికొనుటకు మాత్రము అడ్డులేదు గాని చక్కగా కడిగిన పిమ్మటనే వాడవలెను.

రెండవ జాగ్రత్త తడి. తడిసిన పీచును మూలన పడవేసినచో దానిలో సూక్ష్మజీవులు పెరుగును. స్నానపు పీచులో ఇట్లు పెరిగిన సూక్ష్మజీవులు చర్మమునకు చేటు చేయవచ్చునని 1994లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన యొకటి తెలిపినది. కావున వాడిన ప్రతిసారి పిండి గాలికి వ్రేలాడదీయవలెను. వారమునకొకసారి మరిగిన నీటిలో ముంచి ఎండబెట్టవలెను. నెలకొకసారి మార్చుకొనవలెను. ఒకరి స్నానపు పీచు మరియొకరు వాడరాదు. గాయములున్నచోట, పసిపిల్లల మేనిమీద రుద్దరాదు.

ఊరికి మేలు

లెక్క వేసి చూతము. ఒక ఇంటికి పాత్రలకొక ముక్క, స్నానమునకొక ముక్క చొప్పున నెలకు రెండు ముక్కలు కావలెననుకొందము. ఏడాదికి ఇరువదినాలుగు. మూడు పాదులు పెట్టి, పాదునకు నాలుగు కాయలు ముదురనిచ్చి, కాయను రెండుగా కోసినను ఇరువదినాలుగు వచ్చుచున్నవి. అనగా దడిమీది మూడు పాదులు ఒక ఇంటి ఏడాది అవసరమును తీర్చును. పైన లేతకాయలు కూరకు మిగులును.

బీరపీచుతో భాగ్యవంతులము కాగలమని మేము చెప్పుట లేదు. పత్తి మాని బీర వేయుడని చెప్పుట అంతకన్నను లేదు. నేతిబీరలో నేయి ఉన్నదని నమ్మించుట మా పని గాదు. ఇంటి అవసరము తీరిన పిదప మిగిలిన పీచును గ్రామములోని మహిళా సంఘములు కలిసి పోగుచేసి, ఒకే కొలతలో కోసి, శుభ్రముగా కట్టలు కట్టినచో అమ్ముకొనుటకు అవకాశము కలదని మాత్రమే మేము చెప్పుచున్నాము. కాలమును అందులకు అనుకూలించును. మృగశిరలో విత్తిన పాదు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చు దినములకు పూవు, పిందెలతో కళకళలాడును. మార్గశిర, పుష్య మాసములకు కాయ ఎండును. మాఘమున పీచు తీసి ఆరబెట్టినచో, ఫాల్గుణమున రేగొండ మండలములోని కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతరకు సరుకు సిద్ధమగును. వేలాది జనము వచ్చుచోట మొదట పది కట్టలు పెట్టి చూచుట వలన నష్టమేమియు లేదు.

అయితే పట్టణములలో నేడొక వింత జరుగుచున్నది. నైలానుతో అల్లిన స్నానపు బంతిని గూడ అంగళ్లలో లూఫా యనియే అమ్ముచున్నారు. ఆ బంతిలో బీరకు సంబంధించిన పోగు ఒక్కటియు లేదు. కాయ పోయినది, పీచు పోయినది, పేరు మాత్రము ప్లాస్టిక్‌కు దక్కినది. నేతిబీరలో నేయి లేదని నవ్విన మనము, లూఫాలో లూఫా లేదని గమనింపకున్నాము. వస్తువు కనుమరుగై పేరొక్కటే మిగులుట కంటె విచారకరమైనది వేరొకటి లేదు. ఒక తరము బిడ్డలు బీరకాయపీచు చుట్టరికమను మాటను వినుచుందురు గాని, బీరకాయపీచును చేతబట్టి ఎరుగని స్థితి రాగూడదు.

దీనికి ప్రతిక్రియ మన చేతిలోనే యున్నది. రైతు సోదరులు ఈ వానకాలమున దడి ప్రక్కన మూడు గుంతలు త్రవ్వుదురుగాక. గృహిణులు నాలుగు కాయలను కోయక తీగమీదనే ఉంచుదురుగాక. ఉపాధ్యాయులు బడి పెరటిలో ఒక పాదు పెట్టించి, తెల్లవారుజామున విచ్చు పూవును, ఎండిన కాయ మూత తెరచి రాలు గింజలను బాలురకు, బాలికలకు చూపుదురుగాక. ఎక్కడైన పాత నేతిబీర విత్తనము దొరకినచో పిడికెడు తాముంచుకొని, పిడికెడు పొరుగువారికి ఇత్తురుగాక. ఇంటింటికి, ఊరూరికి ఆ విత్తనము అల్లుకొనిపోయిన నాడు, బీరకాయపీచు చుట్టరికమను మాట ఎగతాళిగా గాక ఆదరముతో పలుకదగిన మాట యగును.